వీధిలో బాస్కెట్‌బాల్ హూప్ తీసెయ్యమని హెచ్‌ఓఏ ఉత్తరం వచ్చింది, ఏం చేయమంటారు?

గుంటూరు_నాన్న (ఫ్రిస్కో, టెక్సాస్):

అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లు, ముఖ్యంగా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బోర్డుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

మాది కల్‌డిశాక్ (అవతలికి దారి లేని, చివర గుండ్రంగా తిరిగే వీధి) చివర ఇల్లు. మా వాడికి 12 ఏళ్లు. పోయిన క్రిస్మస్‌కి వాడికి చక్రాల హూప్ కొన్నాం, అంటే బంతి వేసే రింగు (రిమ్) ఉన్న కదిలే స్తంభం. 54 అంగుళాల బోర్డు, కింద నీళ్లు నింపే ప్లాస్టిక్ తొట్టి. మొదట డ్రైవ్‌వేలోనే పెట్టాం. మా డ్రైవ్‌వే వీధి వైపుకి వాలుగా ఉంటుంది, రెండు కార్లు నిలబెడితే ఇంక చోటుండదు. షాట్ తప్పిందంటే బంతి వెళ్లి గరాజ్ తలుపుకి తగలడమో, దొర్లుకుంటూ పోయి ఎదురింటి గడ్డిలో పడడమో. అందుకని కర్బ్ (రోడ్డు అంచు గట్టు) దాకా జరిపి రిమ్ వీధి వైపుకి తిప్పాం. తొట్టి ఉన్నది సైడ్‌వాక్‌కీ కర్బ్‌కీ మధ్య గడ్డి పట్టీ మీద. పిల్లలు ఆడేది రోడ్డు మీద.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ హూప్ మాకు ఆటవస్తువు మాత్రమే కాదు. న్యూజెర్సీ నుంచి వచ్చిన కొత్తలో మా వాడికి ఇక్కడ ఒక్క స్నేహితుడు లేడు. స్కూలు బస్సు దిగితే నేరుగా గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. 2025 ఫిబ్రవరిలో మా డాలస్ జట్టు మావెరిక్స్ వాళ్లు తమ స్టార్ ఆటగాడు లూకా డాంచిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసిన రోజు వీడు ఆయన 77 నంబరు జెర్సీ వేసుకుని అన్నం ముట్టలేదు. అలాంటి పిల్లవాడు ఇప్పుడు సాయంత్రమైతే వీధిలో ఉంటున్నాడు. రెండిళ్ల అవతలి మెక్సికన్ కుటుంబం అబ్బాయి, మూల ఇంటి కవల ఆడపిల్లలు, మరాఠీ వాళ్ల బాబు, అందరూ నడిచి వస్తారు. ఎవరినీ కారెక్కించి దింపక్కర్లేదు. గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు గరాజ్‌లో కుర్చీ వేసుకుని పాయింట్లు లెక్కపెడతారు. ఆయనకి ఇక్కడ పొద్దుపోయేది ఆ గంటన్నరే.

పోయిన వారం మామూలు పోస్టులో ఉత్తరం వచ్చింది. మా హూప్ ఫోటో జతచేసి, "వీధికి కనిపించే క్రీడా సామగ్రి, ఉల్లంఘన, పది రోజుల్లో తొలగించండి" అని రాశారు. ఫిర్యాదు ఎవరు చేశారో లేదు. ఫైన్ ఎంతో లేదు. ఇదే వీధిలో ఒకరి పడవ ట్రైలర్ మీద వారాల తరబడి నిలబడి ఉంటుంది. దానికి ఉత్తరం వెళ్లిందో లేదో మరి.

మా ఆవిడ "గొడవెందుకు, తీసేద్దాం" అంటోంది. నాకు మనసొప్పడం లేదు. పార్కులో కోర్టు ఉంది, నిజమే. కానీ అక్కడికి వెళ్లాలంటే ఆరు లేన్ల రోడ్డు దాటాలి. ఆ వయసు పిల్లల్ని ఒంటరిగా ఎలా పంపిస్తాం? ఇంటి ముందు ఆడకపోతే వీళ్లు ఇంకెక్కడ ఆడాలి? ఈ ఉత్తరానికి జవాబు ఎలా రాయాలి, రాయకపోతే ఏమవుతుంది, పోట్లాడితే నిలుస్తామా, చెప్పండి.

ఓరుగల్లు_అన్న (ఐర్వింగ్):

అన్నా, రూల్స్ సంగతి తెలిసినోళ్లు చెప్తరు. నేను ఆ తొట్టి గురించి చెప్త.

35 గ్యాలన్ల తొట్టి నిండా నీళ్లు పోస్తే 290 పౌండ్లు, అంటే మన లెక్కల 130 కిలోలు. వినడానికి మస్తు బరువు అనిపిస్తది. కానీ పైన అంత పెద్ద బోర్డు గాలికి అడ్డంగ నిలబడి ఉంటది గదా. మా గల్లీల ఏప్రిల్ నెల గాలివానకు ఒకాయన హూప్ ముందుకు ఒరిగి, ఆపి ఉన్న కారు అద్దం మీద పడ్డది. అప్పుడు కింద పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. నీళ్లకు బదులు ఇసుక నింపు, ఒకటిన్నర రెట్లు బరువుంటది. ఇంకోటి, 2021 ఫిబ్రవరి మంచుల నా తొట్టిలోని నీళ్లు గడ్డకట్టి ప్లాస్టిక్ పగిలింది. కరిగినంక సప్పుడు లేకుండ కారిపోయింది. బయటికి చూస్తే మంచిగనే కనిపిస్తది, లోపల ఖాళీ. నీది ఒకసారి ఊపి చూడు.

పిల్లలు రిమ్ పట్టుకుని ఏలాడుతున్నరా? ఏలాడనియ్యకు. అమెరికన్ పిల్లగాడైనా మన పిల్లగాడైనా, నీ హూప్ కింద దెబ్బ తగిలితే నీ ఇంటి ఇన్సూరెన్స్ దాకా వస్తది. రోడ్డు మీదికెళ్లి అయితే తీసెయ్యమనే నేను చెప్త. డ్రైవ్‌వే గురించి మాత్రం గట్టిగ నిలబడు.

ప్లేనో_పిన్ని:

బాబూ, నేను మా కాలనీ హెచ్‌ఓఏ బోర్డులో చాలా ఏళ్లు పనిచేశాను. ప్రతి వేసవిలోనూ హూప్‌ల తగాదాలు మా బల్ల మీదికి వచ్చేవి. ఇక్కడ అందరూ హెచ్‌ఓఏని తిడతారు, నేను తిట్టను. అలాగని నువ్వు ఆ ఉత్తరం చూసి బెంబేలెత్తాల్సిన పనీ లేదు.

నువ్వు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ తొట్టి కింద నేల ఎవరిది? డ్రైవ్‌వే నీది. దాని మీద ఏముండాలో మీ కాలనీ డీడ్ నిబంధనలు (ఇల్లు కొన్నప్పుడు ఒప్పుకున్న కాలనీ రూల్స్) చెప్తాయి. గడ్డి పట్టీకి నీళ్లు పోసేది నువ్వు, కోయించేది నువ్వు, కానీ మామూలుగా అది సిటీ దారి హక్కు (సిటీకి వాడుకునే హక్కున్న స్థలం) కిందికి వస్తుంది. కింద పైపులూ తీగలూ ఉంటాయి. రోడ్డు సరేసరి, అది సిటీదే. అంటే నువ్వు హెచ్‌ఓఏతో హియరింగ్‌లో (బోర్డు ముందు నీ వాదన వినిపించే సమావేశంలో) గెలిచినా రోడ్డు మీద హూప్ పెట్టుకోవడానికి వాళ్లు అనుమతి ఇవ్వలేరు. తమది కానిదాన్ని ఎలా ఇస్తారు? రేపు సిటీ కోడ్ ఆఫీసరు వస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

సిటీ వాళ్లకి అంత పట్టుదల ఎందుకంటే ఫైరింజను. చాలా ఊళ్లు పాటించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం ఫైరింజను దారికి 20 అడుగుల వెడల్పు, 13 అడుగుల 6 అంగుళాల ఎత్తు అడ్డం లేకుండా ఉండాలి. రిమ్ ఉండేది 10 అడుగుల ఎత్తులో. నీది రోడ్డు మీదికి చాచుకుని ఉంది, పైగా కల్‌డిశాక్. బండి తిరగాల్సిందే అక్కడ. నీ ఇంటికో, ఆ కవలల ఇంటికో అంబులెన్స్ రావాల్సి వస్తే డ్రైవరు దిగి హూప్ జరపాలా? దీని మీద నాతో వాదించకు, నేను ఒప్పుకోను.

ఇక ఉత్తరం సంగతి. మామూలు పోస్టులో వచ్చింది, ఫైన్ రాయలేదు అంటున్నావు కాబట్టి అది హెచ్చరిక లాంటిది. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం ప్రకారం ఫైన్ వెయ్యాలంటే ముందు నోటీసు సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టరు పోస్టు లాంటిది) పంపాలి. సరిచేసుకోవడానికి గడువివ్వాలి. నోటీసు పోస్టు చేసిన 30 రోజుల లోపల నువ్వు హియరింగ్ అడగొచ్చని అందులోనే రాయాలి. హియరింగ్‌కి పది రోజుల ముందు వాళ్ల దగ్గరున్న ఫోటోలూ కాగితాలూ నీకు ప్యాకెట్‌గా ఇవ్వాలి. ఇది 2021 నుంచి వచ్చింది. 2024 నుంచి ఏ ఉల్లంఘనకి ఎంత ఫైనో ముందే పట్టిక చేసి పెట్టుకోవాలి కూడా. ఇవన్నీ తెలిసి ఉంటే చాలు, ఉత్తరంలో గుప్పించనక్కర్లేదు. మొదటి జవాబులోనే సెక్షన్ నంబర్లు రాస్తే అటు మీ హెచ్‌ఓఏ పనులు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీ లాయరుకి పంపుతుంది, అక్కడినుంచి అంతా బిగుసుకుపోతుంది.

మీ డీడ్ నిబంధనలు తెచ్చుకుని చదువు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. నీది ఏదో చూసుకుని ఆ కౌంటీ రికార్డుల్లో వెతికితే దొరుకుతాయి. మేనేజ్‌మెంట్ వివరాలు కావాలంటే రాష్ట్రం నడిపే హెచ్‌ఓఏ వెబ్‌సైట్‌లో ఉంటాయి. చదివేటప్పుడు మాట మాటా చూడు. "శాశ్వతంగా పాతిన" హూప్ అన్నారా, "కదిలించగల" హూప్ అన్నారా? వీధికి కనిపించకూడదు అన్నారా, ఆడనప్పుడు కనిపించకూడదు అన్నారా? నీ కేసంతా ఆ రెండో మాటలో ఉండొచ్చు. ఆడనప్పుడు అని ఉంటే రోజూ రాత్రి గరాజ్ పక్కకి జరిపితే సరిపోతుంది. చక్రాలున్నదే అందుకు.

పడవ ఊసు ఎత్తకు. నియమాన్ని కొందరికే వర్తింపజేస్తే అడిగే హక్కు నీకుంది, కానీ మిగతా ఇళ్ల ఉల్లంఘనల చిట్టా నీకు చూపించరు, చట్టం కూడా చూపించమనదు. ఆ పడవాయన రేపు నీ రూలు మార్పు కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి.

అవును, రూలు మార్పు అడగమంటున్నాను. మా కాలనీలో అదే చేశాం. కదిలే హూప్ డ్రైవ్‌వేలో ఉండొచ్చు, రిమ్ వీధి వైపు ఉండకూడదు, రాత్రి తొమ్మిది తర్వాత ఆట లేదు, పాడైన వల, తుప్పు పట్టిన స్తంభం ఉంచకూడదు. అంతే. పిల్లలున్న ఇళ్లవాళ్లు బోర్డు మీటింగ్‌కి వచ్చి కూర్చున్నారు, అందుకే జరిగింది. మీటింగ్‌కి మనవాళ్లు రారు. ఫైన్ వచ్చినప్పుడే గుర్తొస్తుంది.

రాత్రి_డ్యూటీ (హ్యూస్టన్):

నేను నర్సుని. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా డ్యూటీ. ఇంటికొచ్చి, స్నానం చేసి, తొమ్మిదింటికి పడుకుంటాను. మీ ఫిర్యాదు రాసింది ఎవరో గానీ, నాలాంటి మనిషే కావచ్చునని చెప్పడానికి రాస్తున్నాను.

ఏసీ హోరుకి అలవాటు పడతాం. విమానాలకి కూడా అలవాటు పడ్డాను. బంతి చప్పుడుకి అలవాటు పడలేం. నాలుగు దెబ్బలు పడతాయి, ఆగుతుంది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదలవుతుంది. అది చెవికి కాదు, గోడకీ మంచానికీ తెలుస్తుంది. ఇక్కడి ఇళ్లలో పెద్ద పడగ్గది కింది అంతస్తులోనే ఉంటుంది కదా. వేసవి సెలవుల్లో పిల్లలు ఎండ ముదరకముందే ఆడుకుందామని పొద్దున తొమ్మిదిన్నరకి బయటికొస్తారు. సరిగ్గా నా అర్ధరాత్రి అది.

నేను హెచ్‌ఓఏకి రాయలేదు. నా డ్యూటీ చార్టు కాపీ తీసి ఎదురింటావిడకి ఇచ్చాను, ఏ రోజు పగలు పడుకుంటానో గుర్తుపెట్టి. ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. ఆ రోజుల్లో పిల్లలు మధ్యాహ్నం మూడు తర్వాతే బంతి తీస్తారు. ఒక్కసారి మర్చిపోయారు, వాళ్ల పాపే వచ్చి సారీ చెప్పింది. అందరూ నాలా వెళ్లి తలుపు కొట్టలేరు. కొందరికి మొహమాటం, కొందరికి భయం. అలాంటివాళ్లు హెచ్‌ఓఏకి రాస్తారు. ఎవరు రాశారని వెతకకండి, అందరి ఇళ్లకీ మీరే వెళ్లి అడగండి.

డెలవేర్_తెలుగు:

రోడ్డు పక్కన హూప్ తీయనంటే ఏమవుతుందో మా రాష్ట్రంలో చూశాం. 2011లో క్లేమాంట్‌లో రవాణా శాఖవాళ్లు పోలీసులతో సహా వచ్చి హూప్‌లు పెకలించుకుపోయారు. ఒకావిడ తన హూప్ పైకెక్కి కూర్చుంది. టీవీల్లో వచ్చింది, దేశమంతా చూసింది. అయినా హూప్ పోయింది. ఇక్కడ కాలనీ వీధులు కూడా చాలావరకు రాష్ట్రం చూసుకునేవే. రోడ్డు అంచు నుంచి ఏడు అడుగుల లోపల అడ్డంగా ఏదీ ఉండకూడదని చట్టం. అక్కడ ఆడుకునే పిల్లల మీద ఎవరికీ కోపం లేదు. కొన్ని హూప్‌లు దశాబ్దాలుగా ఉన్నవి. ఫిర్యాదు వచ్చింది, చట్టం ఉంది, బండి వచ్చింది.

నా బాధ ఏమిటంటే, ఆ చట్టం రాసినప్పుడు చెట్టూ, స్తంభమూ, హూప్‌ అన్నీ ఒకే గాట కట్టారు. కారు గుద్దుకునే వస్తువులు అనే లెక్కన మాత్రమే చూశారు. హూప్ ఉన్న వీధిలో కార్లు నెమ్మదిగా వెళ్తాయన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పిన్నిగారు చెప్పిన ఫైరింజను మాట కాదనను. కానీ వీధి అంటే కారు కోసమే అనుకుంటే గుంటూరు నాన్నగారి ప్రశ్నకి జవాబు లేదు.

బ్రాంప్టన్_బాబాయ్:

మా పక్కనున్న టొరంటోలో వీధిలో హాకీ, బాస్కెట్‌బాల్ ఆడకూడదని ఏళ్ల తరబడి నిషేధం ఉండేది. 2016లో నగర మండలి ఓటేసి సడలించింది. వేగ పరిమితి తక్కువున్న నివాస వీధుల్లో, పగటిపూట ఆడుకోవచ్చన్నారు. కాబట్టి అడిగితే మారవని లేదు. మీ ఊరి కౌన్సిల్‌లో ప్రజలు మాట్లాడే సమయం ఉంటుంది. మీ వాడిని వెంటబెట్టుకుని వెళ్లండి, వాడినే మాట్లాడనివ్వండి.

గుంటూరు_నాన్న:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఓరుగల్లు అన్న చెప్పాడని తొట్టి ఊపి చూశాను. మూడొంతులు కూడా లేవు నీళ్లు. ఇసుక బస్తాలు తెచ్చాను. డీడ్ నిబంధనలు దొరికాయి పిన్నిగారూ. "కదిలించగల క్రీడా సామగ్రి ఉపయోగంలో లేనప్పుడు వీధికి కనిపించరాదు" అని ఉంది. మీరు చెప్పిన మాటే! ఉత్తరంలో మాత్రం ఆ "ఉపయోగంలో లేనప్పుడు" అన్నది లేదు.

నిన్న సాయంత్రం నేనూ, మా వాడూ, మామగారూ కల్‌డిశాక్‌లో ఇల్లిల్లూ తిరిగాం. ఎవరు రాశారని అడగలేదు. "మీకు ఏ వేళ ఇబ్బంది?" అని మాత్రమే అడిగాం. ఎడమ పక్కింటి పెద్దాయన, భార్యకి ఆపరేషన్ అయి మధ్యాహ్నాలు పడుకుంటోందని చెప్పారు. ఇన్ని నెలలు పక్కనే ఉండి మాకు ఆ సంగతి తెలియదు. పడవాయనైతే తన చిన్నప్పటి బంతి తెచ్చి మా వాడికిచ్చాడు. ఒకావిడ మాత్రం ఏ వేళైనా ఇష్టం లేదని మొహం మీదే చెప్పేసింది. అదీ ఆవిడ హక్కే, కానీ ఆవిడ కోసం ఆట మొత్తం ఆపేయలేను.

నాకు మిగిలిన చిక్కు వేసవి. జులై, ఆగస్టుల్లో వంద డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండ. ఏడున్నర దాటితే గానీ కాంక్రీటు మీద అడుగు పెట్టలేరు. ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆ గంట కూడా కాదంటే రెండు నెలలు ఆట లేనట్టే. పైగా డ్రైవ్‌వే వాలు సమస్య అలాగే ఉంది.

ప్లేనో_పిన్ని:

మంచి పని చేశావు. ఆ పెద్దాయన భార్య కోలుకునేదాకా మధ్యాహ్నం బంతి బయటికి రాకూడదు. అది రూలుతో పనిలేని సంగతి.

వాలుకి ఉపాయం ఉంది. రిమ్‌ని వీధికీ, గరాజ్‌కీ కాకుండా డ్రైవ్‌వేకి అడ్డంగా, నీ సొంత గడ్డి వైపు నుంచి తిప్పి పెట్టు. తప్పిన బంతి అటు గడ్డిలో పడుతుంది, తొట్టి చదునుగా ఉన్న చోట నిలుస్తుంది. ఆట టైముకి ఒక కారు తీసి వీధిలో పెట్టుకో. ఫ్రీ త్రో గీతకి బోర్డు నుంచి 15 అడుగులు కావాలి. రెండు కార్ల వెడల్పు డ్రైవ్‌వేలో దాదాపు వస్తుంది. మూడు పాయింట్ల షాట్లు రావు, వాటికి శనివారం పార్కుకి తీసుకెళ్లు. రిమ్ బోల్టులు బిగించు, సగం గడగడ అక్కడిదే.

జవాబు ఇలా రాయి: "హూప్‌ని గడ్డి పట్టీ మీద నుంచి మా డ్రైవ్‌వేలోకి మార్చాం, ఫోటో జతచేశాం. నిబంధన ప్రకారం ఉపయోగంలో లేనప్పుడు గరాజ్ పక్కన వీధికి కనిపించకుండా పెడుతున్నాం. ఇది సరిపోయిందని లిఖితపూర్వకంగా తెలియజేయగలరు." అంతకు మించి ఒక్క వాక్యం వద్దు. ఈమెయిల్‌లోనూ పంపు, సర్టిఫైడ్ మెయిల్‌లోనూ పంపు.

వేసవి వేళలకి బోర్డు మీటింగ్‌లో రూలు అడుగు. జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రి తొమ్మిది వరకు అని రాసివ్వు. మీ కల్‌డిశాక్‌లో ఒప్పుకున్న ఇళ్లవాళ్ల సంతకాలు దానికి జోడించు. ఒప్పుకోని ఆవిడ పేరు ఎక్కడా ఎత్తకు, సంతకం అడగడానికి రెండోసారి ఆవిడ ఇంటికి వెళ్లకు. సర్టిఫైడ్ నోటీసు వస్తే మాత్రం పోస్టు ముద్ర తేదీ చూసి 30 రోజులు లెక్కపెట్టుకుని హియరింగ్ అడుగు. ప్యాకెట్ చేతికొచ్చాక ఇక్కడ రాయి, ఏం ఫోటోలు పెట్టారో చూద్దాం.